సేంద్రియ కాఫీకి అసలు పరీక్ష కళ్లంలో

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉద్యోగాల కోసం వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. చుట్టూ టీ తాగే ఊరే అయినా, ఆ ఇళ్లలో కొన్నింటికి పొద్దున్నే కాఫీ పడాల్సిందే. సదర్ బజార్‌లో నెల సరుకులు కట్టించుకునేటప్పుడు కాఫీ పొడి దగ్గర చెయ్యి కాసేపు ఆగుతుంది. పక్కపక్కన రెండు ప్యాకెట్లు. ఒకటి మామూలుది. రెండోదాని మీద ‘ఆర్గానిక్’ అన్న ముద్ర, దాంతో పాటు ఎక్కువ ధర. ఆ ఎక్కువ డబ్బు దేనికి కడుతున్నట్టు?

చాలామంది చెప్పే జవాబు ‘ఆరోగ్యం కోసం’ అని. ఇంకొందరు ‘రుచి కోసం’ అంటారు. ఆ ముద్ర నిజానికి ఈ రెండింటిలో దేనికీ హామీ ఇవ్వదు. కృత్రిమ ఎరువులు, పురుగుమందులు, కలుపుమందులు వాడకుండా పండించారనీ, ఆ సంగతిని రికార్డులతో నిరూపించారనీ, తోట నుంచి ప్యాకెట్ దాకా మామూలు సరుకుతో కలవకుండా చూశారనీ మాత్రమే అది చెబుతుంది. ఈ మాట చిన్నదేమీ కాదు. కానీ కాఫీ విషయంలో ఇది సగం కథే. పండు చెట్టు దిగిన తర్వాత పది పదిహేను రోజుల్లో జరిగేదాని మీదే గింజ రుచి, భద్రత, రైతుకు దక్కే ధర, కొండ కింద పారే నీళ్ల శుభ్రత, వచ్చే ఏడాది తోటలో పురుగు ఉధృతి కూడా ఆధారపడి ఉంటాయి. మన ప్రభుత్వ పథకాలు, ప్రచారాలు మొదటి సగం చుట్టూ తిరుగుతున్నంతగా రెండో సగం చుట్టూ తిరగడం లేదు. ఇది మారాలి.

బిలాస్‌పూర్ మీదుగా వెళ్లే కోర్బా-విశాఖపట్నం రైలెక్కి విశాఖ చేరి, అక్కడి నుంచి కొండెక్కితే ఈ కథ జరిగే చోటు కనిపిస్తుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, అనంతగిరి, పాడేరు, చింతపల్లి, జి.కె.వీధి ప్రాంతాల్లో సముద్రమట్టానికి సుమారు 900 నుంచి 1,100 మీటర్ల ఎత్తున, చెట్ల నీడలో అరబికా కాఫీ పండుతుంది. తూర్పు కనుమల్లో కాఫీ మొక్క తొలిసారి 1898లో పాములేరు లోయలో పెట్టారంటారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, కాఫీ బోర్డు, ఐటీడీఏలు, తర్వాత నాంది ఫౌండేషన్ వంటి సంస్థలు కలిసి ఆ పంటను గిరిజన రైతుల పంటగా మార్చాయి. చింతపల్లి దగ్గర ఆర్.వి.నగర్‌లో కాఫీ బోర్డుకు ప్రాంతీయ పరిశోధన కేంద్రం ఉంది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అరకు పేరుతో 2017లో ప్యారిస్‌లో కాఫీ దుకాణమే తెరిచారు. ఇంత పేరు వచ్చినా, పండించే రైతు చేతిలో ఉన్నది చాలా సందర్భాల్లో ఎకరమో రెండెకరాలో.

ఈ కొండల్లో ‘సేంద్రియం’ అన్నది ఒక నిర్ణయంగా మొదలవలేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. రసాయన ఎరువుల బస్తాను కొండ మీదికి మోయించే స్తోమత, అవసరం రెండూ ఇక్కడి రైతుకు లేవు. ముద్ర రాకముందు కూడా ఇక్కడి తోటలు దాదాపు సేంద్రియ తోటలే. ఎగుమతికి పనికొచ్చే ముద్ర కావాలంటే 2001లో మొదలైన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం ప్రకారం ధ్రువీకరణ పొందాలి. దాన్ని అపెడా నడుపుతుంది. కాఫీ లాంటి బహువార్షిక పంటకు మూడేళ్ల మార్పిడి కాలం ఉంటుంది. ఒక్కో రైతు విడిగా ఆ ఖర్చు భరించలేడు కాబట్టి సంఘంగా చేరి, అంతర్గత తనిఖీ వ్యవస్థ పెట్టుకుని, ప్రతి మడికీ డైరీ రాసి ధ్రువీకరణ తెచ్చుకుంటారు. ఉన్నదానికి గుర్తింపు తేవడానికి ఇంత కాగితం పని అవసరమా అనిపించవచ్చు. దూరాన ఉన్న కొనుగోలుదారుకు నమ్మకం కలిగించే దారి ఇంకోటి లేనప్పుడు అవసరమే. సమస్య ఆ కాగితంతో పని పూర్తయిందనుకోవడంలో ఉంది.

నవంబరు నుంచి జనవరి చివరిదాకా కోత. కాఫీ కొమ్మ మీద పండ్లన్నీ ఒకేసారి పండవు. మార్చి, ఏప్రిల్ నెలల్లో పడే పూత వానలు ఒక్క ఊపున కురిస్తే పూత ఒకేసారి వస్తుంది, విడతలుగా కురిస్తే పంట కూడా విడతలుగా పండుతుంది. ఎర్రగా పండినవాటిని మాత్రమే ఏరి కోయాలంటే ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు తిరగాలి. కూలి గిట్టదు. దొంగల భయం ఉంటుంది. సంతకు డబ్బు కావాలి. కొనేవాడు పండుకీ పచ్చికాయకీ ఒకే ధర ఇస్తే, కొమ్మను ఒక్కసారే దూసేయడమే రైతుకు తెలివైన పని. అలా దూసిన కాయల్లో పచ్చివి తొక్క వదలవు, పల్పర్‌లో నలిగి చితుకుతాయి. వాటి గింజలు కప్పులో వగరు తెస్తాయి. అవగాహన సదస్సు పెట్టి ‘పండినవే కోయండి’ అని చెబితే ఇది మారదు. పండినవాటికి వేరే ధర కట్టిన చోట మారింది. అరకులో ఎర్రటి పండ్లనే తోట దగ్గర కొనే పద్ధతి పెట్టినప్పుడు నాణ్యత పెరగడం వెనక ఉన్న రహస్యం ఇంతే.

కోసిన పండును ఆ రోజే పల్పర్‌లో వేసి తొక్క తీయాలి. రాత్రంతా గోనెసంచిలో ఉంచితే లోపల వేడి పుట్టి, కావలసిన చోట కాకుండా ఎక్కడబడితే అక్కడ పులియడం మొదలవుతుంది. తొక్క తీశాక గింజ చుట్టూ జిగురు మిగులుతుంది. దానిలో పెక్టిన్, చక్కెరలు ఉంటాయి. తొట్టెలో వదిలేస్తే ఈస్టులు, లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా ఆ చక్కెరలను తిని ఆమ్లాలు తయారుచేస్తాయి, జిగురు కరిగి వదులవుతుంది. దోసెల పిండి పొంగడం చూసిన ఇల్లాలికి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. చలికాలంలో పిండి ఆలస్యంగా పులిసినట్టే, డిసెంబరులో చింతపల్లి చలికి కాఫీ తొట్టె కూడా నెమ్మదిస్తుంది. అందుకే ‘24 గంటలు’ అని కరపత్రంలో రాసి ఇవ్వడం సరిపోదు. అదే తొట్టె ఒక రోజు ఇరవై గంటల్లో, ఇంకో రోజు ముప్పై ఆరు గంటల్లో సిద్ధమవుతుంది. అనుభవం ఉన్నవాళ్లు గుప్పెడు గింజలు తీసి రుద్దుతారు. జారకుండా గులకరాళ్లలా గరగరమంటే కడగడానికి వేళైనట్టు. ఇంకా వదిలేస్తే ఆమ్లం గింజలోకి దిగి పులుపు వాసన, తర్వాత కుళ్లు వాసన వస్తుంది. ఆ వాసన కొట్టే గింజ ఒకటి పడినా గిన్నెడు కాఫీ చెడుతుంది. ఆ గింజ కూడా నూటికి నూరుపాళ్లు సేంద్రియమే.

కడిగిన గింజ మీద గట్టి పొర ఒకటి ఉంటుంది. దానితో ఉన్న కాఫీని పార్చ్‌మెంట్ అంటారు. ఈ దశలో గింజ బరువులో సగానికి పైగా నీరే. దాన్ని దాదాపు 10 శాతానికి దించాలి. కాఫీ తయారీలో అన్నిటికంటే తేలిగ్గా తీసిపారేసే పనీ, అన్నిటికంటే కష్టమైన పనీ ఇదే. ఎండబెట్టడమంటే ఎండలో పోయడమే కదా అనుకుంటారు. గింజ ఉపరితలం మీది నీరు గాలికి త్వరగా పోతుంది. లోపలి నీరు గింజ గుండా ఊరుతూ పైకి రావాలి. అది నెమ్మదైన ప్రయాణం. మొదటిరోజే మండుటెండలో కాంక్రీటు మీద పలచగా పోస్తే పై పొర బిగిసి పగులుతుంది, లోపల తేమ అలాగే ఉంటుంది. చేతికి ఎండినట్టే తగులుతుంది. సంచిలో కట్టిన వారానికి ఆ లోపలి నీరు బయటికొచ్చి సంచిని చెమ్మ చేస్తుంది. అందుకే మొదటి రోజుల్లో నీడపట్టునో, తక్కువ ఎండలోనో, నాలుగు నుంచి ఏడు సెంటీమీటర్ల మందాన పరచి, గంటకోసారి తిరగేయాలి. తీగ మెష్‌తో నేలకు ఎత్తుగా కట్టిన బల్లల మీదైతే కింద నుంచి కూడా గాలి ఆడుతుంది, మట్టి వాసన పట్టదు, కోళ్లు, మేకలు తొక్కవు.

సాయంత్రం మరో గండం. ఈ కొండల్లో శీతాకాలపు రాత్రి ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. పగలు వేడెక్కిన గింజ రాత్రికి చల్లబడి, గాలిలోని ఆవిరి దాని మీద మంచులా కురుస్తుంది. పగలంతా పోగొట్టిన తేమలో కొంత రాత్రికి రాత్రే తిరిగొస్తుంది. ఒక టార్పాలిన్ ఉండటానికి, లేకపోవడానికి తేడా ఇక్కడ తెలుస్తుంది. తారు రోడ్డు పక్కన కాఫీ ఆరబోసిన దృశ్యాన్ని కొందరు అందమైన ఫొటోగా పంచుకుంటారు. బండ్ల పొగ, తారు వాసన, దుమ్ము అన్నీ పట్టే సరుకు అది. కాఫీ గింజ వాసనల్ని ఎంత ఇష్టంగా పీల్చుకుంటుందో వంటింట్లో ఇంగువ డబ్బా పక్కన కాఫీ పొడి పెట్టి చూస్తే తెలుస్తుంది.

10 శాతం అన్న అంకె ఊరికే పెట్టింది కాదు. గింజలో నీరు ఎంత ఉందన్నదానికంటే, ఆ నీరు బూజుకు ఎంతవరకు అందుబాటులో ఉందన్నది ముఖ్యం. ఆహార శాస్త్రంలో దీన్ని నీటి క్రియాశీలత అంటారు. సరిగ్గా ఎండిన గింజలో మిగిలిన కాస్త నీరు గింజ పదార్థానికి అతుక్కుని ఉంటుంది, బూజుకు దక్కదు. సరిగ్గా ఎండనిదాంట్లో ఆస్పర్జిల్లస్ జాతి బూజులు పెరిగి ఓక్రాటాక్సిన్-ఎ అనే విషాన్ని వదలగలవు. ఇది మూత్రపిండాలకు హాని చేసేది. వేయించినా కొంత మిగులుతుంది. వేయించిన కాఫీలో ఈ విషానికి యూరోపియన్ యూనియన్ 2023 నుంచి కిలోకు 3 మైక్రోగ్రాముల గరిష్ఠ పరిమితి పెట్టింది. తోటలో పురుగుమందు చుక్క కూడా చల్లని రైతు, కళ్లంలో టార్పాలిన్ లేక, ఈ పరీక్షలో ఓడిపోవచ్చు. ఆరోగ్యం కోసం ఎక్కువ ధర పెట్టి కొనేవారికి పురుగుమందుతో పాటు బూజు గురించి కూడా చెప్పకపోతే అది అర్ధసత్యమే అవుతుంది.

తేమ కొలవడానికి చేతిలో పట్టే మీటర్లు ఉన్నాయి. వాటి పని స్కూలు భౌతికశాస్త్రమే. నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం 80 దగ్గర ఉంటుంది, ఎండిన గింజ పదార్థానిది చిన్న అంకె. రెండు పలకల మధ్య గింజలు పోసి కెపాసిటెన్స్ కొలిస్తే తేమ ఎంతో అంచనా దొరుకుతుంది. కాకపోతే కాఫీకి తగ్గట్టు సరిచూసుకోవాలి. వడ్ల కోసం అమర్చిన మీటరు కాఫీలో అబద్ధం చెబుతుంది. పది ఇళ్లకు ఒక మీటరు, దాన్ని కోతకు ముందు ఏటా సరిచూసే ఏర్పాటు ఉంటే చాలు. మీటరు లేకపోయినా దారి ఉంది. ఒకే డబ్బాలో ఒకే కొలత గింజలు రోజూ తూచి రాసుకుంటే, బరువు తగ్గడం ఆగిపోయే దశ కనిపిస్తుంది. పంటితో కొరికి చూడటం కూడా ఒక పద్ధతే, అయితే ఒకరి పన్ను ఇంకొకరి పన్నుతో ఏకీభవించాలన్న నియమం లేదు.

ఇక నీళ్లు. పాత పద్ధతిలో పల్పింగ్ చేసి, పులియబెట్టి కడిగితే కిలో ఎండు పార్చ్‌మెంట్‌కు 40 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. ఆ కడుగునీళ్లలో చక్కెరలు, ఆమ్లాలు నిండుగా ఉంటాయి. గెడ్డలో కలిస్తే, వాటిని తినే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తాయి, చేపలు చస్తాయి, నీళ్లు కంపు కొడతాయి. కోతకాలంలో కొండ గెడ్డల్లో నీరు తగ్గి ఉంటుంది కాబట్టి కాలుష్యం మరింత చిక్కన. కింది ఊరి వాళ్లు తాగేది ఆ గెడ్డ నీళ్లే. రసాయనం ఒక్కటీ వాడకుండా గెడ్డను చంపడం సాధ్యమేనన్నది చాలామందికి వింతగా తోస్తుంది. సేంద్రియ ప్రమాణాల్లో నీటి కాలుష్యం గురించి మాట ఉన్నా, పెరట్లో చేతి పల్పర్ తిప్పుకునే వందలాది ఇళ్ల దగ్గర దాన్ని ఎవరు చూస్తారు?

దీనికి పరిష్కారం ఎక్కడో ఊహల్లో లేదు. చిన్న రైతుల దేశమైన కొలంబియాలో సెనికాఫే పరిశోధన సంస్థ 1990లలో బెకోల్‌సబ్ అనే పద్ధతి తెచ్చింది. నీళ్లు లేకుండా తొక్క తీసి, జిగురును యంత్రంతోనే రుద్ది వదిలించి, ఆ చిక్కటి మురుగును తొక్కతోనే కలిపేస్తుంది. 40 లీటర్ల పని లీటరు దగ్గరికి వచ్చింది. మన దగ్గర కూడా చింతపల్లిలో ఎకో పల్పింగ్ యూనిట్ పెట్టారు. అలాంటివి పంచాయతీకొకటి కాకపోయినా, పండు కోసిన సాయంత్రానికి చేరగలిగేంత దూరంలో ఒకటి ఉండాలి. కొండ దారుల్లో ఆ దూరం పటం మీద చూసినదానికంటే చాలా చిన్నది.

యంత్రం ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు ఇంకో కోణం ఉంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. సుమారు ఆరు కిలోల పండు నుంచి కిలో పచ్చి గింజ వస్తుంది. మిగతాదాంట్లో నీరు పోగా పెద్ద భాగం తొక్క, గుజ్జు. పండు బరువులో అదే దాదాపు 40 శాతం. మొక్క నేల నుంచి లాక్కున్న పొటాషియంలో చెప్పుకోదగ్గ వాటా ఆ తొక్కలోనే ఉంటుంది. రైతు పండును పండుగానే అమ్మితే, లారీతో పాటు ఆ పొటాషియం కూడా కొండ దిగిపోతుంది. కృత్రిమ ఎరువు వేయనన్న రైతుకు తిరిగి దాన్ని తెచ్చిపెట్టేదెవరు? ఏడాది, రెండేళ్లలో తేడా తెలియదు. పదేళ్లలో కొమ్మలు చెబుతాయి. అరకు కొండల దిగుబడి కర్ణాటక తోటల కంటే బాగా తక్కువగా ఉండటానికి కారణాలు అనేకం, నేలను తినడమే తప్ప తినిపించకపోవడం వాటిలో ఒకటి. కేంద్రీకృత కర్మాగారం నాణ్యతను ఒకే తీరుగా ఉంచుతుందన్నది నిజం, ప్యారిస్ దాకా వెళ్లిన పేరు దానితోనే వచ్చింది. అలాగని అన్ని పండ్లూ ఒక్కచోటికే మోయడం సరైన నమూనా కాదు. తొక్క తిరిగి తోటకు చేరేంత దగ్గరగా, నాణ్యత చూసేంత పెద్దగా ఉండే మధ్యస్థాయి కేంద్రాలు కావాలి. దూరపు యూనిట్‌కు పండు తోలుకెళ్లిన వాహనం ఖాళీగా తిరిగి రాకుండా కంపోస్టు తెచ్చేలా కొనుగోలు ఒప్పందంలోనే రాయవచ్చు. పేడ, నీడ చెట్ల ఆకులతో కలిపి కుళ్లబెట్టిన తొక్క మంచి ఎరువు. తోట పక్కన కుప్పగా పోసి వదిలేసిన తొక్క ఈగలకు విందు.

ఈ వాదనకు 2025లో అనుకోని సాక్ష్యం దొరికింది. ఆ ఏడాది అరకు లోయ తోటల్లో కాఫీ కాయతొలుచు పురుగు కనిపించింది. దేశంలో ఇది మొదట 1990లో నీలగిరి ప్రాంతంలోని గూడలూరు దగ్గర బయటపడి, కొడగు, వయనాడ్ తోటలకు పాకింది. తూర్పు కనుమలకు ఇది పెద్ద దెబ్బ. పురుగు పట్టిన తోటల్లో కాయలన్నీ కోయించి, మరిగే నీళ్లలో ముంచి, గోతుల్లో పూడ్పించారు. నష్టపోయిన రైతులకు పరిహారం ప్రకటించారు.

ఇది నువ్వుగింజ కంటే చిన్న నల్లటి పెంకుపురుగు. ఆడపురుగు కాయ కొన దగ్గర చిన్న రంధ్రం చేసి లోపలికి వెళ్తుంది. గింజలోనే గుడ్లు పెడుతుంది, పిల్లలు గింజనే తింటూ పెరుగుతాయి. మగవి ఎగరలేవు, పుట్టిన కాయలోనే జతకట్టి అక్కడే చస్తాయి. అప్పటికే గర్భంతో ఉన్న ఆడపురుగు బయటికొచ్చి కొత్త కాయ వెతుక్కుంటుంది. కీటకాలను తరిమే కెఫీన్ దీన్ని ఏమీ చేయలేదు. దీని పేగుల్లోని బ్యాక్టీరియా కెఫీన్‌ను విడగొట్టేస్తాయని 2015లో వెలువడిన పరిశోధన తేల్చింది.

పురుగు రాగానే వినిపించిన మాట ఒకటుంది: సేంద్రియమంటూ కూర్చుంటే తోటలు దక్కవు, మందు కొట్టాల్సిందే. ఇది తొందరపాటు మాట. ఈ పురుగు జీవితమంతా గింజ లోపలే. పైన చల్లిన మందు దానికి తగిలేది ఆడపురుగు కాయ తొలుస్తున్న కొద్ది సమయంలోనే. రసాయనం వాడే దేశాలు కూడా దీన్ని మందుతో తుడిచిపెట్టలేకపోయాయి. 1988లో ఈ పురుగు బారినపడ్డ కొలంబియా చివరికి నమ్ముకున్నది తోట శుభ్రతనే. పండినవి సకాలంలో కోయడం, కోత అయ్యాక చెట్టు మీద, నేల మీద ఒక్క కాయ మిగలకుండా ఏరడం. ఎందుకంటే రెండు పంటల మధ్య నెలల్లో పురుగుకు ఇల్లూ కూడూ ఆ మిగిలిపోయిన కాయలే. కోసేటప్పుడు చెట్టు కింద పట్టా పరిస్తే ఏరే పని సగం తగ్గుతుంది. ఆల్కహాళ్ల మిశ్రమం పెట్టిన ఎరలు, పురుగు ఒంటి మీద పెరిగి చంపే బ్యూవేరియా బూజు తోడ్పడతాయి. ఆ బూజుకు తేమ కావాలి, నీడ తోటలో అది దొరుకుతుంది. ఇవన్నీ సేంద్రియ నియమాలకు లోబడినవే.

ఇక్కడే కళ్లం మళ్లీ ముందుకొస్తుంది. తోటలో పట్టిన పురుగు గింజలోనే ఉండి కళ్లానికి, అక్కడి నుంచి సంచిలో గోదాముకి చేరుతుంది. గింజలో తేమ ఎక్కువుంటే సంచిలో కూడా పిల్లల్ని పెడుతుంది. 10 శాతానికి ఎండిన గింజలో అది పెరగలేదు. అంటే బూజును ఆపే అదే ఎండ, అదే బల్ల, అదే మీటరు పురుగును కూడా ఆపుతాయి. ఖాళీ సంచులు ఒక ఊరి నుంచి మరో ఊరికి పురుగును మోసుకెళ్లగలవు. పల్పర్ దగ్గర నీళ్లలో తేలిన తాలు పండ్లలో పురుగు పట్టినవి ఎక్కువగా ఉంటాయి, వాటిని పక్కన పారేయకుండా వేడినీళ్లలో ముంచాలి. పొరుగువాడి తోటలో పది కాయలు మిగిలిపోతే తన తోట ఎంత శుభ్రంగా ఉన్నా రైతుకు రక్షణ లేదు. కాబట్టి ఏరుడు పనికి ఊరంతటికీ కలిపి కూలి ఇవ్వాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ పనిని ఉపాధి హామీ కింద చేయించడం అసాధ్యమేమీ కాదు. కాయ తొలిచిందో లేదో గుర్తుపట్టగల యువకులు ఇద్దరు ప్రతి ఊళ్లో ఉంటే, కాయలన్నీ కోసి పూడ్చే దశ రాకముందే సంగతి తెలుస్తుంది.

అరబికాకు పాత శత్రువైన తెల్ల కాండం తొలిచే పురుగు విషయంలో కూడా ఇదే తర్కం. వెలుతురు, వేడి ఎక్కువగా తగిలే కాండం మీద అది గుడ్లు పెడుతుంది. నీడ సరిగా ఉంచడం, పురుగు ఎగిరే కాలానికి ముందు కాండం మీది వదులు బెరడును గోనెతో రుద్ది తీయడం, సున్నం పూయడం, పట్టిన మొక్కను పీకి కాల్చడం, ఇవే మందు. నీడ కోసం వరుసలు వరుసలుగా సిల్వర్ ఓక్ ఒక్కటే నాటించిన తీరు మాత్రం ప్రశంసనీయం కాదు. త్వరగా పెరుగుతుంది, మిరియాల తీగ పాకుతుంది, నిజమే. పనస, నేరేడు, మామిడి కలిసిన నీడలో పక్షులకు, పరాగసంపర్కం చేసే తేనెటీగలకు దొరికే ఆశ్రయం దానిలో దొరకదు. ఈ విషయం ఇంకో వ్యాసానికి సరిపడా ఉంది.

తూర్పు కనుమల కాఫీ అరకుతో ఆగలేదు. విశాఖ నుంచి అరకు, కోరాపుట్ మీదుగా కిరండూల్ వెళ్లే రైలు దారి పొడవునా పంట పాకుతోంది. ఒడిశాలో కోరాపుట్ కాఫీకి పేరొచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో, జగదల్‌పూర్ ఉద్యాన కళాశాల శాస్త్రవేత్తల చొరవతో దర్భ ప్రాంతంలో తోటలు వేశారు. ‘బస్తర్ కాఫీ’ పేరు అలా వచ్చింది. అదే రాష్ట్రంలో ఉన్న బిలాస్‌పూర్ బజారుకు రేపు వచ్చే సేంద్రియ కాఫీ అరకుది కాకుండా సొంత రాష్ట్రానిదే కావచ్చు. అక్కడ పథకం రాసేవాళ్లకు అరకు అనుభవం చేతిలో ఉంది. ఎన్ని లక్షల మొక్కలు పంచాం, ఎన్ని ఎకరాలు వేశాం అన్న లెక్క పక్కనే ఇంకో లెక్క పెట్టాలి: ఎకరా తోటకు ఎన్ని మీటర్ల ఎండు బల్ల ఉంది, ఎన్ని ఇళ్లకు సరిచూసిన మీటరు అందుతుంది, పల్పర్ నీళ్లు ఏ గుంతలో ఇంకుతున్నాయి, తొక్క ఎవరి తోటకు తిరిగి వెళ్తోంది. మొక్క నాటాక తొలి కాపుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆలోపు కళ్లాలు కట్టుకోవచ్చు. ఈలోగా అరకు నుంచి బస్తర్ దాకా కాఫీ కొనే సంస్థలు కలిసి తేల్చుకోవాల్సిన పని ఒకటి ఉంది: ఒక జిల్లాలో వాడిన గోనెసంచి, వేడినీళ్లలో ముంచకుండా, ఇంకో జిల్లా తోటలోకి వెళ్లకూడదన్న నిబంధన. దానికి అయ్యే ఖర్చు కట్టెలూ, ఒక పెద్ద డేగిసా.